‘క్యాన్సర్ తగ్గింది కదా, ఇంకేంది?’ అనే ఇంట్లో

ప్రశ్న: నమస్తే మేడం. మాది నర్సంపేట దగ్గర ఊరు. మిర్చి, పత్తి పెడతం. నా భార్యకు 42 ఏండ్లు. పోయినేడు రొమ్ముల గడ్డ అయితే హైదరాబాద్‌ల ఆపరేషన్ చేసి ఎడమ రొమ్ము తీసేసిండ్రు. కీమో ఎక్కించిండ్రు, కరెంటు పెట్టిండ్రు. ఇప్పుడు క్యాన్సర్ లేదన్నరు. టామోక్సిఫెన్ గోలి రోజుకొకటి ఐదేండ్లు మింగాలని రాసిచ్చిండ్రు. కీమో నడిమిట్లనే ముట్లు ఆగినయి. అప్పటిసంది ఒంట్లకెళ్లి సెగలు లేస్తున్నయంటది. ఈ చలికి మాకు దుప్పట్లు సాలుతలేవు, తనేమో ఫ్యాన్ ఏసుకుంటది. రాత్రి నాలుగైదు మాట్ల లేస్తది, జాకెట్ తడిసి ముద్దయితది. చిన్నదానికే కోపం, ఎంటనే ఏడుపు. మొన్న బతుకమ్మకు గూడ బయటికి రాలె. మా అమ్మ ‘చావు తప్పి బయటపడ్డది, ఇంకేంది? మాకు ముట్లు ఆగలేదా?’ అంటది. దగ్గరికి పోతే నొప్పి అని మొత్తానికే దూరం పండుకుంటున్నది. మొన్న చూస్తే గోలీల షీట్లు అట్లనే ఉన్నయి. నెల సంది మింగుతలేదు. అడిగితే ‘అవి మింగినంకనే మంటలు ఎక్కువైనయి, ఇగ మింగ’ అన్నది. పక్కింటామె ముట్లు ఆగినప్పుడు హార్మోన్ గోలీలు వాడితే తగ్గిందట. ఇంకొకరు శతావరి పొడి పెట్టుమన్నరు. మళ్ల క్యాన్సర్ వస్తున్నదేమో అని నాకు భయం. నేనేం చెయ్యాలె? పేరు రాయకండ్రి.

సమాధానం:

తమ్ముడూ, ముందు మీ భయం సంగతి చెప్తాను. ముట్లు ఆగినప్పటి నుంచే సెగలు, చెమటలు, నిద్రలేమి, కోపం, కింద పొడిబారి నొప్పి అన్నీ కలిసి మొదలయ్యాయంటే, అవి చికిత్స వల్ల వచ్చిన మెనోపాజ్ (ముట్లు పూర్తిగా ఆగిపోవడం) లక్షణాలు. క్యాన్సర్ తిరగబెట్టినప్పుడు ఇవన్నీ ఇలా కట్టగట్టుకుని రావు. డాక్టరు ఎలాగూ ఒకసారి చూసి, థైరాయిడ్, రక్తహీనత లాంటివి తోడయ్యాయేమో పరీక్ష చేయిస్తారు. ఆ పరీక్షలు చేయించుకోండి. అంతే కానీ రాత్రిపూట ఆమెకు చెమట పట్టిన ప్రతిసారీ మీరు గుండె చిక్కబట్టుకుని కూర్చోవాల్సిన పని లేదు.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది గోలీల సంగతి. దాని గురించి కోప్పడకండి, పోట్లాడకండి, అన్నంలో కలిపి పెట్టాలని అసలే చూడకండి. ‘అవి మింగినంకనే మంటలు ఎక్కువైనయి’ అని ఆమె అన్నది నిజమే. టామోక్సిఫెన్ ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను రొమ్ము కణాల మీద పనిచేయకుండా అడ్డం నిలబడుతుంది. మెదడులోనూ కొంత అలాగే అడ్డుపడుతుంది కాబట్టి సెగలు పెరుగుతాయి. ఇది డాక్టర్లందరికీ తెలిసిన సంగతే. ఆమె మాట మీరు నమ్మినట్టు ఆమెకు అర్థమైతేనే తర్వాతి మాట వింటుంది.

ఆ తర్వాతి మాట ఏమిటంటే, ఆ గోలీ ఆమెకు నిజంగా కాపలా. ఆమె రిపోర్టుల్లో ఈఆర్ పాజిటివ్ అనో పీఆర్ పాజిటివ్ అనో రాసి ఉంటుంది, అంటే హార్మోన్ల ఊతంతో పెరిగే రకం క్యాన్సర్ అని, అందుకే ఈ మందు ఇచ్చారు. అలాంటి క్యాన్సర్ ఉన్న వేలాది మంది స్త్రీలను ఏళ్ల తరబడి గమనించి చూస్తే, ఐదేళ్లు టామోక్సిఫెన్ వాడినవాళ్లలో 15 ఏళ్ల కాలంలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. ఆపరేషన్, కీమో, కరెంటు (రేడియేషన్) అన్నీ ఓర్చుకున్న మనిషి ఈ ఒక్క గోలీ దగ్గర విసిగిపోయిందంటే, బాధ ఎంత పెద్దదో మీరు ఊహించుకోవాలి. ఆ బాధ తీర్చే దారి చూపించకుండా ‘మింగు, మింగు’ అంటే మింగదు. మింగినట్టు నటిస్తుంది. నెల రోజులు ఆపినంత మాత్రాన అంతా పోయినట్టు కాదు. డాక్టరుతో మాట్లాడి మళ్లీ మొదలుపెట్టవచ్చు. మిగిలిపోయినవి కలిపి రోజుకు రెండు మింగడం మాత్రం వద్దు.

మీ అమ్మగారు ‘మాకు ముట్లు ఆగలేదా?’ అని అడగడంలో తప్పు లేదు, ఆమెకు తెలిసింది అదే. మన దేశంలో ముట్లు సగటున 46, 47 ఏళ్ల ప్రాంతంలో ఆగుతాయి. అంతకు ముందే కొన్నేళ్లుగా హార్మోన్లు తగ్గుతూ వస్తాయి, ఒళ్లు మెల్లగా అలవాటు పడుతుంది. మీ పాకాల చెరువు ఎండాకాలం పొడుగునా కొంచెం కొంచెంగా దిగిపోతే పొలాలకు ఒక రకం, పంట మధ్యలో ఒక్క రాత్రికే తూము మూసేస్తే ఇంకో రకం. కీమో అండాశయాలను అలా దెబ్బతీస్తుంది. ఏళ్ల మీద జరగాల్సింది నెలల్లో జరుగుతుంది, దానికి తోడు గోలీ. అందుకే వయసుతో ఆగినవాళ్ల కన్నా చికిత్స వల్ల ఆగినవాళ్లకు సెగలు ఎక్కువసార్లు, గట్టిగా వస్తాయి.

సెగ ఎలా పుడుతుందో కూడా ఇంట్లో అందరికీ తెలిస్తే మంచిది. ఒంటి వేడిని చూసుకునే కేంద్రం మెదడులో ఉంటుంది. ఈస్ట్రోజెన్ పడిపోయినప్పుడు దానికి సున్నితం ఎక్కువవుతుంది. ఒంట్లో వేడి ఏ కొంచెం పెరిగినా ‘ఒళ్లు కాలిపోతోంది’ అనుకుని చర్మం కిందికి రక్తం తోలుతుంది, చెమట పట్టిస్తుంది, గుండె దడదడలాడుతుంది. రెండు మూడు నిమిషాలకు అది దిగిపోగానే తడిసిన ఒంటికి చలి పుడుతుంది. పుష్యమాసం చలిలో ఫ్యాన్ వేసుకుని, కాసేపటికే దుప్పటి కోసం తడుముకోవడం అందుకే. రాత్రి నాలుగైదు సార్లు ఇలా లేచే మనిషికి పగలు కోపం రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఇక మందుల మాట. పక్కింటావిడ వాడిన హార్మోన్ గోలీలు మీ ఇంట్లోకి రానివ్వకండి. ఆమెకు క్యాన్సర్ లేదు కాబట్టి ఆమెకు పనికొచ్చాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు మెనోపాజ్ హార్మోన్లు ఇచ్చి చూద్దామని స్వీడన్ మొదలైన దేశాల్లో ఒక పరీక్ష పెట్టారు. హార్మోన్లు వాడినవాళ్లలో క్యాన్సర్ తిరగబెట్టడం ఎక్కువైందని 2003లో దాన్ని మధ్యలోనే ఆపేశారు. టిబోలోన్ అనే ఇంకో మందు మీద తర్వాత జరిగిన పరీక్ష కూడా అలాగే ముగిసింది. గర్భం రాకుండా వాడే హార్మోన్ గోలీలకూ ఇదే వర్తిస్తుంది.

శతావరి పొడి కూడా వద్దనే చెప్తాను. స్త్రీల హార్మోన్లను పెంచుతుందనే పేరుతోనే దాన్ని అమ్ముతారు. రొమ్ము క్యాన్సర్ వచ్చి టామోక్సిఫెన్ మింగుతున్నవాళ్లకు అది క్షేమమని ఎవరూ సరిగ్గా పరీక్షించి చెప్పలేదు. సోయా క్యాప్సూల్స్, ‘లేడీస్ టానిక్’ అని వచ్చే సీసాలు కూడా అదే జాబితాలో వేయండి. కూరలో మీల్ మేకర్, పోపులో మెంతులు, సకినాల్లో నువ్వులు తింటే ఏమీ కాదు, తిండిని చూసి భయపడకండి. ఊర్లో ఆర్ఎంపీ ఎవరైనా ‘బలానికి’ అని సూది వేస్తానంటే అందులో ఏముందో తెలియకుండా వేయించుకోవద్దు.

మరి ఏం వాడాలి? హార్మోన్లు లేకుండా సెగలు తగ్గించే మందులు ఉన్నాయి. ఈ సంగతి చాలామందికి ఎవరూ చెప్పకపోవడం వల్లే ఇళ్లలో ఇంత నరకం నడుస్తోంది. వెన్లాఫాక్సిన్ అనే మందును తక్కువ మోతాదులో ఇస్తే, పనిచేసేవాళ్లలో ఒకటి రెండు వారాల్లోనే సెగలు తగ్గడం కనిపిస్తుంది. మొదట్లో కొంచెం వికారం, నోరు ఎండడం ఉండవచ్చు. బీపీ చూసుకుంటూ ఉండాలి, ఉన్నట్టుండి ఆపకూడదు. గాబాపెంటిన్ రాత్రిపూట సెగలకు, నిద్రకు బాగా పనికొస్తుంది, కాకపోతే మగతగా ఉంటుంది. ఆక్సీబ్యుటినిన్ అని మూత్రం ఆపుకోలేనివాళ్లకు ఇచ్చే మందు కూడా సెగలను తగ్గిస్తుంది. ఏది ఎవరికి, ఎంత అన్నది డాక్టరు చూసి చెప్పాలి. ఒకటి పనిచేయకపోతే ఇంకొకటి మార్చి చూడవచ్చు. మెదడులోని ఆ వేడి కేంద్రం మీదే పనిచేసే కొత్త మందులు కూడా వస్తున్నాయి. ఫెజోలినెటాంట్‌కు 2023లో అమెరికాలో అనుమతి ఇచ్చారు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. వెన్లాఫాక్సిన్ డబ్బాలో ఉండే కాగితం మీద డిప్రెషన్ అని రాసి ఉంటుంది. అది చదివి ‘నన్ను పిచ్చిదాన్ని చేశారు’ అని ఆమె బాధపడకుండా ముందే చెప్పండి, సెగలకు కూడా అదే మందు వాడతారని. రెండోది ఇంకా ముఖ్యం. ప్యారోక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ అనే మందులు టామోక్సిఫెన్‌కు సరిపడవు. టామోక్సిఫెన్ ఒంట్లోకి పోయాక లివర్‌లో మారితేనే గట్టిగా పనిచేస్తుంది, ఈ రెండూ ఆ మార్పుకు అడ్డుపడతాయి. అందుకని టెన్షన్‌కైనా, నిద్రకైనా, ఇంకో జబ్బుకైనా ఎవరు మందు రాసినా ముందు ‘టామోక్సిఫెన్ మింగుతున్నది’ అని చెప్పాలి. ఆ పేరు ఒక కాగితం మీద రాసి ఆమె పర్సులోనూ మీ జేబులోనూ పెట్టుకోండి.

గోలీ మింగే వేళ మారిస్తే కొందరికి కాస్త ఉపశమనం ఉంటుంది. అప్పటికీ తట్టుకోలేకపోతే డాక్టరు మందే మార్చవచ్చు. అండాశయాలను పని చేయకుండా ఆపే ఇంజెక్షన్ 28 రోజులకొకసారి ఇస్తూ లెట్రోజోల్ లాంటి వేరే గోలీ ఇవ్వడం ఒక పద్ధతి. దానికీ సెగలు, కీళ్ల నొప్పులు ఉంటాయి, ఎముకలు ఇంకా ఎక్కువగా పలచబడతాయి. కాబట్టి ఏది మేలో తూకం వేసి చూడాలి. ఏదైనా డాక్టరు ముందు మాట్లాడి చేసే మార్పు కావాలి. ఇంట్లో చెప్పకుండా ఆపేసేది మార్పు కాదు.

మందులతో పాటు ఇంట్లో చేయగలిగినవి ఉన్నాయి. మీ ఇద్దరికీ ఒకే దుప్పటి ఉంటే రేపటి నుంచి వేర్వేరు పెట్టుకోండి. ఆమెకు మందపాటి రగ్గు కాకుండా పలచటివి రెండు ఉంటే తీసేయడం, కప్పుకోవడం తేలిక. ఫ్యాన్ ఆమె వైపు మాత్రమే తగిలేలా చిన్న టేబుల్ ఫ్యాన్ ఒకటి కొనండి. పిల్లలు చలికి వణకకుండా, ఆమె అపరాధిలా ఫ్యాన్ కట్టేసుకోకుండా ఉంటుంది. మంచం పక్కన పొడి నూలు జాకెట్, తువ్వాలు, చెంబుతో రంజన్ నీళ్లు పెట్టండి. చీకట్లో లేచి బీరువా తెరవాల్సిన పని లేకపోతే సెగ దిగాక మళ్లీ నిద్ర పట్టే వీలుంటుంది. రొమ్ము తీసేసిన వైపు సిలికాన్ ప్యాడ్ వాడుతుంటే దాని కింద చెమట బాగా పడుతుంది. ఇంట్లో ఉన్నప్పుడు నూలు బట్టతో కుట్టిన తేలికపాటి ప్యాడ్ వాడుకోవచ్చు. బతుకమ్మకు రాకపోవడానికి పట్టుచీరలో అందరి ముందు చెమటతో తడిసిపోతానన్న సిగ్గు కూడా కారణమేమో, ఒకసారి మెల్లగా అడిగి చూడండి. వచ్చే ఏడు నూలు చీరతో వెళ్తానంటే ఎవరూ వంక పెట్టకుండా చూసుకోవాల్సింది మీ ఇంటివాళ్లే.

వేడి వేడి చాయ్, ఎక్కువ కారం కొందరికి సెగను రేపుతాయి. అందరికీ కాదు. ఏది తిన్నాక, ఏ పని చేశాక వస్తున్నాయో కొన్నాళ్లు ఆమెనే గమనించుకోమనండి. కూరలో కారం తగ్గిస్తే రుచి పోతుందని అనుకుంటే, మీ ప్రాంతంలో పండే చపాటా మిర్చి ఉండనే ఉంది. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. కల్లు మాత్రం వద్దు. ‘రెండు గ్లాసులు తాగితే నిద్రపడుతది’ అని చెప్పేవాళ్లు మన ఊళ్లల్లో ఉంటారు. మత్తు దిగగానే నిద్ర చెదిరిపోతుంది, సెగలు పెరుగుతాయి. అసలు ఏ రకం మద్యమైనా రొమ్ము క్యాన్సర్‌కు దోహదం చేసేదే. కల్లంలో మిర్చి ఎండబోసే పని, ఏరే పని చేస్తుంటే పొద్దున్నే, సాయంత్రం చేసి మధ్యాహ్నం ఎండలో మాన్పించండి. ఇప్పుడు చలికాలంలోనే ఇంత బాధగా ఉంటే, మన వరంగల్ మే నెల ఎండల్లో ఎలా ఉంటుందో మీకు తెలుసు. అప్పటికల్లా మందు కుదిరిపోవాలి.

సెగ లేస్తున్నట్టు తెలియగానే పొట్ట నిండా నెమ్మదిగా గాలి పీల్చి వదలడం అలవాటు చేసుకుంటే బాధ తగ్గుతుంది. రొమ్ము క్యాన్సర్ తర్వాత సెగలతో అవస్థ పడుతున్న స్త్రీలను లండన్‌లో చిన్న చిన్న గుంపులుగా కూర్చోబెట్టి ఇలాంటి శ్వాసా, నిద్ర అలవాట్లూ, ‘అందరూ నన్నే చూస్తున్నారు’ లాంటి ఆలోచనలను దారిలో పెట్టుకునే పద్ధతులూ నేర్పించారు. ఆ ఫలితాలు 2012లో వచ్చాయి. సెగలు వచ్చే సంఖ్య పెద్దగా మారకపోయినా వాటి వల్ల పడే యాతన బాగా తగ్గింది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో అడిగితే దీనికి దారి చూపిస్తారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. ఆమె ‘బతికి ఏం లాభం’ లాంటి మాట అంటే ఆ రోజే చేయండి, ‘ఊరికే అంటది’ అని వదిలేయకండి.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన విషయం. మీరు సిగ్గుపడి వదిలేశారు, కానీ రాశారు, అది మంచిదైంది. ఈస్ట్రోజెన్ లేకపోతే యోని లోపలి పొర పలచబడి పొడిబారుతుంది. అప్పుడు కలయిక అంటే గాయం మీద రాపిడి లాంటిది. నొప్పి ఒకటి రెండు సార్లు అనుభవమయ్యాక ఒళ్లే ముందుగా బిగుసుకుంటుంది, మీరు పక్కకు వస్తేనే భయం పుడుతుంది. దానికి తోడు ఒక రొమ్ము లేని ఒంటిని మీకు చూపించడానికి ఆమెకు ఎంత కష్టంగా ఉంటుందో ఆలోచించండి. మీ మీద ప్రేమ తగ్గి దూరం పడుకోవడం లేదు.

కొన్నాళ్లు కలయిక అనే మాట పక్కన పెట్టండి, పెట్టినట్టు ఆమెకు నోటితో చెప్పండి. ‘నేను పక్కన పడుకుంటాను, చెయ్యి పట్టుకుంటాను, అంతకు మించి నువ్వు అడిగితేనే’ అని. ఆ భరోసా దొరికితే దూరం దానంతటదే కొంత తగ్గుతుంది. పొడిదనానికి మందుల షాపుల్లో హార్మోన్ లేని వెజైనల్ మాయిశ్చరైజర్ దొరుకుతుంది. కలయికతో పని లేకుండా వారానికి రెండు మూడుసార్లు వాడుతూ ఉండాలి. కలిసేటప్పుడు వాడే నీటి ఆధారిత జెల్ వేరు. కొబ్బరి నూనె కూడా పనికొస్తుంది, కానీ నిరోధ్‌తో వాడితే అది చిరిగిపోతుంది. లోపల సబ్బు, డెట్టాల్ పెట్టి కడగడం మానాలి. ఈస్ట్రోజెన్ క్రీమ్ చాలా తక్కువ మోతాదు అని ఎవరైనా రాసిచ్చినా, క్యాన్సర్ డాక్టరును అడగకుండా వాడొద్దు.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది మగవాళ్లు అడగలేక లోపలే పెట్టుకుంటారు. కలయిక వల్ల ఆమె క్యాన్సర్ మీకు అంటుకోదు. దానివల్ల ఆమె జబ్బు తిరగబెట్టదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే గ్లాసులో తాగినా ఏమీ కాదు. ముట్లు ఆగాయి కదా అని గర్భం రాదనుకోకండి. 42 ఏళ్ల వయసులో కీమో తర్వాత ఆగిన ముట్లు మళ్లీ రావచ్చు, అంతకన్నా ముందే అండం విడుదల కావచ్చు. టామోక్సిఫెన్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి ఉంటే సరే, లేకపోతే నిరోధ్ గానీ హార్మోన్ లేని కాపర్-టీ గానీ వాడాలి.

మీ అమ్మగారితో మాట్లాడాల్సింది మీరు, మీ భార్య కాదు. అదీ ఆమె ఎదుట కాకుండా మాట్లాడండి, లేకపోతే ‘కోడలు చెప్పించింది’ అవుతుంది. ‘అమ్మా, నీకు మెల్లగా ఆగినయి, దానికి మందులతోటి ఒక్కసారే ఆగినయి, డాక్టరు గూడ ఇది జబ్బే అన్నది’ అని చెప్పండి. నా పేరు చెప్పినా పరవాలేదు. వీలైతే ఒకసారి ఆసుపత్రికి అమ్మగారిని కూడా తీసుకెళ్లండి. నా దగ్గర ఓపీలో అత్తలకు ఎదురుగా కూర్చోబెట్టి చెప్పినప్పుడు చాలామంది ‘గింత బాధనా, మాకు తెల్వకపాయె’ అంటారు, అన్నాక కోడలికి వాళ్లే అండగా ఉంటారు. చావు తప్పి బయటపడ్డది అన్న మాట నిజం. అలా బయటపడ్డ మనిషికి సుఖంగా నిద్రపోయే హక్కు కూడా ఉంది. ‘ఇంకేంది’ అని మళ్లీ మళ్లీ వింటే మనిషి బాధ చెప్పడం మానేస్తుంది, గోలీలు ఆపిన సంగతి మీకు షీట్లు చూస్తే గానీ తెలియకపోవడం దానివల్లే.

ఎముకల సంగతి తొందరగా చెప్పేస్తాను. ముందే ముట్లు ఆగినవాళ్లకు ఎముకలు త్వరగా పలచబడతాయి కాబట్టి ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ అవసరమా అని అడగండి. రాగులు బాగా పెట్టండి, 100 గ్రాముల్లో 350 మిల్లీగ్రాముల దరిదాపు కాల్షియం ఉంటుంది. నువ్వులు, పాలు, పెరుగు మంచివి. క్యాల్షియం, విటమిన్ డి గోలీలు డాక్టరు చెప్పినట్టు వేసుకోవాలి. రోజూ అరగంట నడక.

టామోక్సిఫెన్ మింగేటప్పుడు కొంచెం తెల్లబట్ట కావడం మామూలే. కానీ ముట్లు ఆగాక మళ్లీ రక్తం కనపడితే అది ముట్టేనని ఊరుకోకుండా వెంటనే గైనిక్ డాక్టరుకు చూపించాలి, గర్భసంచి లోపలి పొర పరీక్ష చేస్తారు. ఒక కాలు వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వచ్చినా రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అప్పుడు తెల్లారేదాకా ఆగకుండా ఎంజీఎంకో దగ్గర్లోని పెద్దాసుపత్రికో తీసుకుపోవాలి. కొత్త గడ్డ, తగ్గని ఎముక నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే చెకప్ తేదీ వచ్చేదాకా ఆగవద్దు.

ఇది చదివే వేరే అక్కాచెల్లెళ్లకు ఒక మాట. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌కు కరెంటు పెట్టించుకుని ముట్లు ఆగినవాళ్ల లెక్క వేరు. ఆ క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే స్క్వామస్ రకానికి హార్మోన్లతో సంబంధం లేదు. కాబట్టి చిన్న వయసులో ముట్లు ఆగితే ఎముకలకు, గుండెకు రక్షణగా డాక్టర్లు హార్మోన్లు ఇవ్వవచ్చు. రొమ్ము క్యాన్సర్ వాళ్లకు చెప్పిన ‘వద్దు’ విని మీరు మానుకోకండి, మీ డాక్టరును అడగండి. కరెంటు తర్వాత యోని మార్గం ఇరుకవుతుంది. అది మూసుకుపోకుండా వాడే డైలేటర్ గురించి కూడా సిగ్గుపడకుండా అడగండి, కలయికకే కాకుండా డాక్టరు చెకప్ చేయడానికి కూడా అది అవసరం.

తమ్ముడూ, హైదరాబాద్‌లో చూపించిన చోటికే మళ్లీ వెళ్లండి, ఎందుకంటే టామోక్సిఫెన్ గురించి నిర్ణయం క్యాన్సర్ డాక్టరుదే. ఆరోగ్యశ్రీ మీద చేయించి ఉంటే అక్కడి ఆరోగ్యమిత్ర కౌంటర్‌లో తర్వాతి చెకప్‌లకు, మందులకు ఏం వర్తిస్తుందో అడగండి. ఆమెకు ఎక్స్‌ప్రెస్ బస్సులో మహాలక్ష్మి పథకం కింద చార్జీ ఉండదు, ఆధార్ కార్డు పెట్టుకుంటే చాలు. పొడిదనం, రక్తం కనపడడం లాంటి వాటికి హైదరాబాద్ దాకా పోలేకపోతే వరంగల్ సీకేఎం ఆసుపత్రి, హన్మకొండ ప్రసూతి ఆసుపత్రి గైనిక్ ఓపీలు ఉన్నాయి.

వెళ్లే ముందు వారం రోజులు ఒక నోట్‌బుక్‌లో రాయండి: పగలు ఎన్ని సెగలు, రాత్రి ఎన్నిసార్లు లేచింది, ఎన్ని గంటలు నిద్రపోయింది. రద్దీగా ఉండే ఓపీలో ‘మంటలు వస్తున్నయి సార్’ అంటే ఒక చెవితో వింటారు. ‘రాత్రికి ఐదుసార్లు లేస్తున్నది, నెల సంది గోలీ ఆపేసింది’ అంటే పెన్ను పక్కన పెట్టి వింటారు. గోలీలు ఆపిన సంగతి దాచకండి. లోపలికి ఇద్దరూ వెళ్లండి, గోలీల గురించి మాట్లాడాక మీరు బయటికి వచ్చేయండి. కింది నొప్పి గురించి ఆమె డాక్టరుతోనో నర్సుతోనో ఒంటరిగా మాట్లాడుకోనివ్వండి. సంక్రాంతి దాటితే మిర్చి ఏరుడు ఊపందుకుంటుంది, మీకిద్దరికీ తీరిక దొరకదు. అంతకన్నా ముందే పోయి రండి.